గట్టెక్కిన అడుగు మన్ను

పోయిన ఏప్రిల్లో మా బాబాయి కొల్లేటి వార ఉన్న ఎకరంన్నర బాడవని, అంటే పల్లపు వరిచేనుని, ఆక్వా చెరువు చేయించాడు. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు, చుట్టూ ఉన్నవన్నీ చెరువులైపోయాక మధ్యలో మా ఒక్క చెక్కే వరిచేనుగా మిగిలింది, నాలుగు పక్కల్నుంచీ ఊట దిగి నేల చవుడెక్కిపోయి దాళ్వాలో గింజ కట్టడమే మానేసింది. "ఏం చెయ్యమంటావమ్మా, తిండిగింజలు కూడా రావట్లేదు, లీజుకిస్తే కనీసం పిల్లల ఫీజులన్నా వస్తాయి" అన్నాడు. సరే బాబాయ్, పొక్లెయిన్ వచ్చిన రోజు నాకు ఫోన్ చెయ్యి, ఆ తవ్విన గోడ ఒక్క పూట నాకొదిలెయ్యి, అదొక్కటే అడుగుతున్నా అన్నాను. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు గానీ ఫోన్ మాత్రం చేశాడు.

నేను చదివింది బోటనీ, ఇప్పుడు ఇంటర్ పిల్లలకి చెప్పేదీ అదే. ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు పాలినాలజీ అని ఒక పేపర్ ఉండేది, అంటే పుప్పొడి గురించిన చదువు, పరీక్షకి చదివి వదిలేసేవాళ్ళే ఎక్కువ కానీ నన్ను మాత్రం అది వదల్లేదు. చెరువు అడుగున పేరుకున్న బురదలో పుప్పొడి లెక్కపెట్టి పదివేల ఏళ్ళ కిందట ఇక్కడ ఏ చెట్లున్నాయో, వానలు ఎలా పడ్డాయో చెప్పొచ్చని మా మేడం చెప్పిన రోజు నాకు వెంటనే మా ఊరి బాడవే గుర్తొచ్చింది. మా ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో అంత పెద్ద కొల్లేరు పెట్టుకుని మనం ఎప్పుడైనా దాని అడుగున ఏముందని చూశామా అనిపించింది.

గోయి గోడ గురించి చెప్తాను. పొద్దున్నే ఏడింటికి వెళ్ళేసరికి మూలన లోతుగా తొమ్మిదడుగులు తవ్వేసి ఉంది, అక్కడ ఊట ఎక్కువని డ్రైవర్ ఆపాడు. నేను కత్తిపీట కాదు గానీ కొబ్బరికాయలు ఒలిచే దగ్గరుండే పాత కత్తి ఒకటి తీసుకుని గోడని పైనుంచి కిందకి పలచగా చెక్కాను, పొక్లెయిన్ పళ్ళు రాసిన పూత పోయి అసలు మన్ను బయటపడాలి కదా. పైన రెండడుగులు మనకి తెలిసిన చేనుమన్నే, బూడిదరంగు, వరి దుబ్బుల వేళ్ళు సన్న దారాల్లా వేలాడుతున్నాయి. దాని కింద పసుపూ గోధుమా కలిసిన జిగురు, మధ్యమధ్యలో తుప్పు మరకలు, అంటే నీళ్ళు ఎక్కుతూ ఎండుతూ ఉన్న నేల అన్నమాట. ఇంకా కిందకి దిగితే రంగు మారిపోయింది, నీలం తిరిగిన నలుపు, వేలు పెడితే వెన్నలా దిగుతుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పున కొట్టింది. ఆ నల్లమన్నులో అరచెయ్యంత మందాన గుల్లల పొర ఒకటి, దాని కింద నల్లగా మెత్తబడిన పుల్లముక్కలు, చేత్తో నొక్కితే నీళ్ళు కారాయి.

డ్రైవర్ అబ్బాయి వాసనకి ముక్కు మూసుకుని "ఇది చచ్చిన మన్నండీ, గట్టు మీద పోస్తే ఏదీ మొలవదు" అన్నాడు. ఆ వాసనే నాకు కావాల్సింది. ఆ కంపు ఉందంటే లోపలికి గాలి తగల్లేదని, గాలి తగలకపోతేనే పుప్పొడి చెడకుండా ఉంటుందని వాడికి చెప్తే వింతగా చూశాడు గానీ మధ్యాహ్నం దాకా బండి ఆ మూలకి తేలేదు, వాడికి నేను రుణపడి ఉన్నాను.

కింద నుంచి పైకి ప్రతి పది సెంటీమీటర్లకీ ఒక చెంచాడు మన్ను తీశాను. పైనుంచి కిందకి తీస్తే పై మట్టి రాలి కింద శాంపిల్‌లో కలిసిపోతుంది, అందుకే ఎప్పుడూ అడుగు నుంచే మొదలెట్టాలి, ప్రతిసారీ కత్తి కడగాలి. కవర్ల మీద లోతు రాసి, గోడ ఫొటో తీసి, ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టాను, బూజు పట్టకూడదని.

ఇంతకీ పుప్పొడి అంటే ఏంటో చెప్పాలి కదా. మా అమ్మమ్మ కాలవ గట్టు మీద నుంచి మొగలి పువ్వు తెచ్చి చీరల పెట్టెలో మడతల మధ్య పెట్టేది, నెల తర్వాత పెట్టె తీస్తే ఆ వాసనతో పాటు పట్టు చీర మీద లేత పసుపు పొడి రాలి ఉండేది, దులిపినా పూర్తిగా పోయేది కాదు. అదే పుప్పొడి. పోతుతాడు పూతకొచ్చినప్పుడు, కొబ్బరి పొత్తి విచ్చుకున్నప్పుడు, జమ్ము కంకి ముదిరినప్పుడు గాల్లోకి రాలేదంతా ఇదే, మన కంటికి కనపడదు గానీ మన గోదారి జిల్లాల్లో ఏ రోజైనా మన మీద ఇది వానలా కురుస్తూనే ఉంటుంది. ఒక్కో రేణువు మిల్లీమీటరులో నూరో వంతు నుంచి పదో వంతు దాకా ఉంటుందంతే. లోపలి సరుకు నాలుగు రోజుల్లో చచ్చిపోతుంది, కానీ పైన పెంకు ఉంది చూశారూ, అది స్పోరోపొలెనిన్ అనే పదార్థంతో చేసినది, మొక్కలు తయారుచేసే వాటిల్లో ఇంత గట్టి సరుకు ఇంకోటి దొరకడం కష్టం. ఆమ్లంలో ఉడకబెట్టినా కరగదు. నీటి అడుగున గాలి తగలని బురదలో పడితే వేల ఏళ్ళు, లక్షల ఏళ్ళు కూడా అలాగే ఉండిపోతుంది. పైగా ఒక్కో జాతిది ఒక్కో వాటం, కొన్నిటికి ముళ్ళు, కొన్నిటికి మూడు గాళ్ళు, అంటే గాడుల్లాంటి గీతలు, గడ్డిజాతి దానికి గుండ్రటి ఒంటి మీద ఒకే ఒక్క రంధ్రం, దాని చుట్టూ గాజులా ఒక అంచు. మైక్రోస్కోపు కింద ఒకసారి గడ్డి పుప్పొడి చూస్తే ఇంక జన్మలో మర్చిపోరు.

ఇలా బురదలో పుప్పొడిని ఊరికే చూడ్డం కాకుండా నూటికి ఇన్నని లెక్కగట్టి, లోతుతో పాటు ఆ శాతం ఎలా మారుతోందో గీతలు గీసి చూపించిన మొదటి మనిషి స్వీడన్ దేశపు లెనార్ట్ వాన్ పోస్ట్, 1916లో క్రిస్టియానియాలో, అంటే ఇప్పటి ఓస్లోలో, ఆయన ఇచ్చిన ఉపన్యాసంతోనే ఇదంతా మొదలైంది. ఆ దేశాల వాళ్ళకి ఇది బాగా కలిసొచ్చింది ఎందుకంటే మంచుయుగం పోగానే వాళ్ళ నేల నిండా గుంటలు, ఆ గుంటల నిండా నీళ్ళు, మంచు కరిగిన రోజు నుంచి పొర మీద పొర బురద. అడుగున బోడి నేల మీద పెరిగే చిన్న మొక్కలవి, పైకొస్తుంటే భూర్జ చెట్లు, తర్వాత పైన్, ఆ తర్వాత ఓక్, అడవి ఒక్కొక్క అడుగూ ఉత్తరానికి నడిచిన లెక్కంతా ఉంది. మధ్యలో వెచ్చబడుతున్న భూమి ఉన్నట్టుండి మళ్ళీ చలిలోకి జారిపోయింది, సుమారు 12,900 ఏళ్ళ కిందట మొదలై 11,700 ఏళ్ళ కిందటిదాకా. ఆ కాలానికి యంగర్ డ్రయాస్ అని పేరు, డ్రయాస్ అనేది మంచు ప్రాంతాల్లో పూసే చిన్న తెల్లపువ్వు మొక్క, దాని అవశేషాలు ఆ పొరలో మళ్ళీ ప్రత్యక్షమయ్యాయి కాబట్టి ఆ పేరు. ఒక యుగానికి ఒక పువ్వు పేరు పెట్టుకున్నారంటే నాకు ఎప్పుడు తల్చుకున్నా ఒళ్ళు ఝల్లుమంటుంది.

మన దగ్గర మంచు లేదు. మన కథంతా వానదే, నైరుతి ఎప్పుడు బలంగా ఉంది ఎప్పుడు తగ్గింది అన్నదే. మన దేశంలో ఈ పని చేసిన పెద్దవాళ్ళలో గురుదీప్ సింగ్ గారు ఒకరు, 1970ల మొదట్లో రాజస్థాన్ ఉప్పు సరస్సులు, సాంభర్, డీడ్వానా, లూణ్‌కరణ్‌సర్, వీటి అడుగు మట్టిలో పుప్పొడి చూసి ఆ ఎడారిలో ఒకప్పుడు ఇప్పటికంటే మంచి వానలు పడేవని చెప్పారు. తర్వాత 1999లో ఇంకో బృందం లూణ్‌కరణ్‌సర్ మట్టికి మళ్ళీ కాలం కట్టి, సింధు నగరాలు కళకళలాడే టైంకి ముందే ఆ సరస్సు ఎండిపోయిందని చూపించింది. అంటే వాన తగ్గింది కాబట్టి నగరాలు పోయాయి అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడానికి లేదు. లక్నోలో పాతకాలపు మొక్కల చదువు కోసమే 1946లో బీర్బల్ సాహ్నీ గారు పెట్టిన సంస్థ ఉంది, పుదుచ్చేరిలో ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో మన దక్షిణాది చెట్ల పుప్పొడి స్లైడ్లు వేలకొద్దీ దాచి ఉన్నాయి. పోల్చుకోడానికి ఆ స్లైడ్లు లేకపోతే ఎంత మంచి మైక్రోస్కోపు ఉన్నా ఉపయోగం లేదు, చేతిలో వేలిముద్ర ఉండి మనిషి ఎవరో తెలియనట్టే.

మళ్ళీ మా బాడవ దగ్గరకొస్తాను. పెద్ద ల్యాబుల్లో అయితే మన్నులో ఇసుక కరగడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు, అది గాజునే తినేస్తుంది, ఎముకలదాకా దిగుతుంది, మా కాలేజీ ల్యాబులో దాని పేరు కూడా ఎత్తను. నేను చేసింది పాతపద్ధతి. గుల్లల సున్నం పోవడానికి పల్చటి హైడ్రోక్లోరిక్, కుళ్ళిన ఆకు జిగురు వదలడానికి పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి వేడినీళ్ళ గిన్నెలో పదినిమిషాలు, తర్వాత వడకట్టి, బియ్యంలో రాళ్ళు తీసేటప్పుడు మన ఆడవాళ్ళు గిన్నె తిప్పి తిప్పి నీళ్ళు ఒంచుతారు చూడండి అచ్చం అలాగే తిప్పి బరువైన ఇసుకని అడుగున వదిలేసి పైన తేలికది ఒంచుకుని, ఎర్ర రంగు వేసి గ్లిజరిన్‌లో స్లైడు చేశాను. కిటికీలన్నీ మూసి, ఫ్యాన్ ఆపి, మే నెలలో. ఎందుకంటే మా కాలేజీ చుట్టూ కొబ్బరిచెట్లే, కిటికీ తీసి ఉంటే ఇవాళ్టి కొబ్బరి పుప్పొడి వచ్చి పాత మన్నులో పడుతుంది, అప్పుడు నేను వేల ఏళ్ళ కిందట ఇక్కడ కొబ్బరితోట ఉండేదని రాసుకుంటాను.

పై పొరలో అనుకున్నవే వచ్చాయి. గడ్డిజాతివి కుప్పలు, తుంగవి, జమ్మువి. వరి కూడా గడ్డే కాబట్టి ఇందులో వరి ఎంత, గట్టు మీది గరిక ఎంత అని విడదీయడం చాలా కష్టం, వరి రేణువు కాస్త పెద్దదే గానీ అడవి గడ్డి రేణువులతో సైజు కలిసిపోతుంది. ఒక స్లైడులో సరుగుడు కనిపించింది. అది చూసి నేను కుర్చీలోంచి లేచాను. సరుగుడు ఈ తీరం చెట్టు కాదండి, మన ఇసుక నేలల్లో 19వ శతాబ్దంలో తెచ్చి నాటడం మొదలెట్టారు, కాబట్టి ఏ లోతులో సరుగుడు పుప్పొడి ఉందో ఆ మన్ను అంతకంటే పాతది కాదు. తారీకు వేసిన రూపాయి బిళ్ళ మట్టిలో దొరికినట్టే. సర్కారు తుమ్మ కూడా అంతే, అదీ ఆ శతాబ్దంలోనే వచ్చింది. నా కవర్లలో పైనుంచి మూడో కవరు దాటాక సరుగుడు లేదు. అంటే ఆనకట్ట కట్టి కాలవలు వచ్చిన కాలం నుంచి ఇప్పటిదాకా మొత్తం మా చేనులో ఆ పైన మూరెడు మన్నులోనే ఉండుంటుంది. ధవళేశ్వరం పని 1847లో మొదలై 1852కి అయింది, మా ముత్తాతలందరూ ఆ మూరెడులోనే దున్నారు.

నల్లమన్ను స్లైడు దగ్గర నాకు రెండు వారాలు పట్టింది. రేణువులు తక్కువ, చాలావరకు బొగ్గు తునకలు, కుళ్ళిన ఆకు ముక్కలు, ఫెర్న్ బీజాలు. ఒకరోజు సాయంత్రం కాలేజీ మూసే టైంకి ఒకటి కనబడింది, చిన్నది, గుండ్రటిది, పై నుంచి కిందకి మూడు గాళ్ళు, నడుం చుట్టూ మొలతాడులా ఒక సన్నని పట్టీ. ఫోకస్ పైకి తిప్పితే గాళ్ళు, కిందకి తిప్పితే పట్టీ. ఫోన్‌తో ఫొటో తీసి మా మేడంకి పంపాను, ఆవిడ రిటైరై చాలా ఏళ్ళయింది, రాత్రి పదింటికి ఫోన్ చేసి "ఎక్కడిదే ఇది? కోరింగ వెళ్ళావా?" అన్నారు. కాదు మేడం, కైకలూరు దగ్గర మా బాబాయి చేను అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇది ఉప్పుపొన్న జాతిదమ్మా, మడచెట్టు" అన్నారు.

మడచెట్టు! సముద్రం అక్కడినుంచి 30 కిలోమీటర్లకి పైనే ఉంది. మడ అంటే ఉప్పునీరు ఎక్కుతూ దిగుతూ ఉండే బురదలో తప్ప పెరగదు, మన కాకినాడ అవతల కోరింగలో చూస్తాం కదా నల్లమడ, తెల్లమడ, తిల్ల, కళింగ. అంటే మేం వరి నాట్లేసిన చోట ఒకప్పుడు పోటు ఆటూ వచ్చే ఉప్పు కయ్య ఉండేదన్నమాట, ఆ గుల్లలూ ఆ పుల్లలూ దానివే. ఒక్క రేణువుతో అంత మాట అనకూడదని తెలుసు, తర్వాత ఇంకో ఆరు దొరికాయి కాబట్టే ఇది రాస్తున్నాను.

ఇది కొత్త సంగతేం కాదు కూడా, భూమి శాస్త్రం వాళ్ళు కొల్లేరు ఒకప్పుడు సముద్రానికి ఆనుకుని ఉన్న ఉప్పుకయ్యే అని, కృష్ణా గోదారి రెండూ చెరో పక్క ఒండ్రు పోసుకుంటూ సముద్రాన్ని వెనక్కి నెట్టేసరికి మధ్యలో పల్లం మిగిలిపోయి అదే కొల్లేరైందని ఎప్పట్నుంచో చెప్తున్నారు. ఉపగ్రహం ఫొటోల్లో చూస్తే డెల్టా పొడుగునా తీరానికి సమాంతరంగా పాత ఇసుక దిబ్బలు వరసలు వరసలుగా కనపడతాయి, ఒక్కో వరసా ఒకప్పటి సముద్రపు ఒడ్డు. మన ఊళ్ళు ఆ దిబ్బల మీదే కట్టుకున్నాం, కొబ్బరీ జీడీ అక్కడే, దిబ్బ మీద బావి తవ్వితే తియ్యటి నీళ్ళు, పక్కనే పల్లంలో బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. బోరు వేసే మేస్త్రిలకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, నల్లమన్ను తగలగానే గొట్టం పైకి తీసేస్తారు.

ఇక్కడో చిక్కుంది, నాకు మొదట ఇది తట్టలేదు. మడ పుప్పొడి చెప్పేది సముద్రం ఎక్కడుందో, వాన ఎంత పడిందో కాదు. పైగా మన డెల్టాయే చిన్నపిల్ల. మంచుయుగం నడినెత్తిన ఉన్నప్పుడు, అంటే సుమారు 21,000 ఏళ్ళ కిందట, నీళ్ళన్నీ ఉత్తరాన మంచులో బిగిసి ఉండడం వల్ల సముద్రం ఇప్పటికంటే దగ్గరదగ్గర 120 మీటర్లు కిందికి ఉండేది, అంతర్వేది అవతల ఇవాళ బోట్లు వేటాడే చోట చాలా మేర ఎండు నేల, గోదారి అక్కడిదాకా పారి అక్కడ కలిసేది. మంచు కరిగి సముద్రం ఎక్కి ఎక్కి సుమారు 7,000 ఏళ్ళ కిందటికి నెమ్మదించాకే గోదారి ఇక్కడ ఒండ్రు పోగెయ్యడం కుదిరింది. కాబట్టి మంచుయుగం పోయిన కొత్తలో వానల సంగతి మన చేల అడుగున వెతికితే పూర్తిగా దొరకదు. మరి గోదారి ఆ లెక్క ఎక్కడ పెట్టినట్టు?

సముద్రంలో పెట్టింది. 2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం, అంటే సముద్రం అడుగున మంచులా గడ్డకట్టి ఉండే గ్యాస్ కోసం, జోయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ మన కృష్ణా గోదావరి బేసిన్‌లో తవ్వినప్పుడు, గోదారి నోటికి ఎదురుగా 1200 మీటర్ల పైన నీటి లోతులో అడుగు మట్టిని గొట్టాలకొద్దీ తీసింది. గ్యాస్ కోసం వెళ్ళినవాళ్ళకి దొరికిన ఆ మట్టిలో పైన కొన్ని మీటర్లలోనే దగ్గరదగ్గర 11,000 ఏళ్ళ చరిత్ర ఉంది. ఏటా ఆషాఢంలో ఎర్రనీళ్ళు వస్తాయి చూడండి, త్ర్యంబకం నుంచి 1465 కిలోమీటర్లు దారిలో ఏది దొరికితే అది కడుక్కుంటూ, ఆ నీళ్ళలో దక్కను రేగడి, అడవుల ఆకు, ఆ ఆకు మీది మైనం, పూలపొడి అన్నీ కలిసే వస్తాయి, మూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల మీది సంగతంతా ఒకే చోట దిగుతుంది. ఒక చిన్న గుంటలో పుప్పొడి చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ కబురు చెప్తే ఈ మట్టి మొత్తం గోదారి దేశం కబురు చెప్తుంది.

ఆ గొట్టాన్ని చాలామంది చదివారు. 2012లో అచ్చయిన పరిశోధనలో ఆకు మైనంలోని కార్బన్ చూశారు. వరి లాంటివి, చెట్లు, ఒక పద్ధతిలో కార్బన్ పట్టుకుంటాయి, జొన్న, సజ్జ, ఎండ తట్టుకునే గడ్లు ఇంకో పద్ధతిలో పట్టుకుంటాయి, ఆ తేడా మైనంలో మిగిలిపోతుంది. మొదట్లో చెట్ల వాటా బాగా ఉండి, సుమారు 4,000 ఏళ్ళ కిందట నుంచి ఎండు నేల గడ్డి వాటా పెరుగుతూ పోయి, 1,700 ఏళ్ళ కిందటికి ఇంకా పెరిగి అలాగే ఉండిపోయింది. 2015లో వేరే బృందం అదే మట్టిలో పుప్పొడి లెక్కపెట్టింది, వాళ్ళకీ సుమారు 4,200 ఏళ్ళ కిందటిదాకా వానలు బలంగా, తర్వాత తగ్గుముఖంగా కనిపించాయి. మైనం చూసినవాళ్ళూ పూలపొడి చూసినవాళ్ళూ ఒకే తీరుకి రావడం చిన్న విషయం కాదు. గోదారి పరివాహకంలోనే పైన మహారాష్ట్రలో ఉల్క పడి ఏర్పడ్డ లోణార్ సరస్సు ఉంది కదా, దాని అడుగు మట్టిలో కూడా 4,600 నుంచి 3,900 ఏళ్ళ కిందటి మధ్య చాలా కాలం వానలు ముఖం చాటేసిన గుర్తులున్నాయి. మేఘాలయలో మామ్లూ గుహలో నీటి చుక్కలు పడి నేల మీద నుంచి పైకి పెరిగిన సున్నపురాతి మొలకలోనూ 4,200 ఏళ్ళ దగ్గర ఇదే మచ్చ, 2018లో దాన్నిబట్టే ఇప్పుడు మనమున్న కాలానికి మేఘాలయన్ అని పేరు పెట్టారు.

మొదట్లో వానలు అంత బలంగా ఎందుకున్నాయంటే దానికి ఆకాశంలోనే కారణం ఉంది. ఇప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, మన చలికాలంలో. 11,000 ఏళ్ళ కిందట ఆ దగ్గరయ్యే రోజు మన ఎండాకాలంలో పడేది, భూమి ఇరుసు బొంగరం తలలా మెల్లగా తిరగడం వల్ల ఇది మారుతూ ఉంటుంది. ఎండాకాలం ఎండ ఇప్పటికంటే నూటికి ఏడెనిమిది పాళ్ళు ఎక్కువ, నేల ఎక్కువ కాగేది, సముద్రం మీద నుంచి గాలి ఎక్కువ లాగేది, వాన దంచేది. ఆ పొద్దు మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది, వానా తగ్గింది.

ఇక్కడ మనుషులు కూడా వస్తారు. 2017లో వచ్చిన ఇంకో పరిశోధనలో ఆ వానలు తగ్గిన కాలంలో గోదారి మోసే మట్టి తగ్గాల్సింది పోయి ఎక్కువైందని తేలింది. నేల ఎండి చెట్టు పల్చబడింది, దక్కనులో సాగు పెరిగింది, కాబట్టి పట్టు లేని నేలని ఉన్న కొద్ది వానే కోసుకొచ్చింది. ఆ కోసుకొచ్చిన మన్నులో కొంత మా డెల్టాలోనూ దిగింది. మా బాబాయి చేను అంటే ఒక రకంగా ఎక్కడో మరాఠ్వాడా రైతు పోగొట్టుకున్న మన్ను, ఆ సంగతి తెలిసిన రోజు రాత్రి నేను బాబాయితో చెప్తే "మరి వాళ్ళకి మనమేం ఇచ్చాం" అని అడిగాడు.

ఈ లెక్కలో పక్షపాతాలు కూడా ఉంటాయండి. తేనెటీగల మీద ఆధారపడే చెట్లు పొడి తక్కువ చేస్తాయి, అది జిగురుగా ఉండి గాలికి పోదు. టేకు అడవి మధ్యలో గుంటలో చూసినా టేకు పుప్పొడి పెద్దగా కనపడదు, గడ్డిదీ నెమలినారదీ మాత్రం గాలికి ఎగిరొచ్చి నిండిపోతుంది. అందుకే ముందు ఇవాళ్టి అడవి, ఇవాళ్టి పుప్పొడి వాన రెండూ పక్కపక్కన పెట్టి ఏది ఎంత తక్కువ మాట్లాడుతుందో తెలుసుకోవాలి, ఆ తర్వాతే పాత మన్ను జోలికెళ్ళాలి. ఇంకో కిటుకు ఉంది, మట్టిలో మొత్తం ఎన్ని రేణువులున్నాయో తెలియడానికి, లెక్క తెలిసిన బీజాలు ఉన్న మాత్ర ఒకటి ముందే కలుపుతారు, ఆ బీజాల మొక్క మన దగ్గర ఉండదు కాబట్టి అవి వేరుగా తెలిసిపోతాయి, వాటిని బట్టి మిగతావాటిని కట్టుకుంటారు. మన రొయ్యల చెరువుల్లో విసురువల వేసి పట్టిన నాలుగింటిని బట్టి మొత్తం కౌంట్ కట్టే వాళ్ళకి ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, మా బాబాయికి అలాగే అర్థమైంది.

కొల్లేరుకి ఇంకో కష్టం, వేసవిలో చాలా భాగం ఎండుతుంది. ఎండి బీటలు పడితే గాలి దిగి పుప్పొడి పెంకు కూడా చెడిపోతుంది, పై పొరల్లో నాకు దొరికిన వాటిల్లో సగం చిల్లులు పడి ఉన్నవే. అందుకే అడుగు నల్లమన్ను అంత విలువైనది. సరిగ్గా ఆ మన్నే ఇప్పుడు పైకొస్తోంది.

నాకు నిద్ర పట్టనిది ఇక్కడే. కొల్లేరుకి 1999లో అభయారణ్యం అని పేరొచ్చింది, 2002లో రాంసర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేరింది, 2006లో చెరువు గట్లు కొట్టేశారు, పక్షుల గురించి, నీళ్ళ గురించి, బతుకుల గురించి ఇన్నేళ్ళుగా మాట్లాడుకుంటూనే ఉన్నాం, అవన్నీ మాట్లాడుకోవాల్సినవే. అడుగు మన్ను గురించి మాత్రం ఎవరూ అనరు. చెరువు తవ్వితే ఏమవుతుందంటే పై మన్ను ముందు గట్టుకెళ్తుంది, దాని మీద నల్లమన్ను పడుతుంది, అంటే గట్టులో చరిత్ర తల్లకిందులు, తర్వాత రెండు వానలకి జారి అంతా ఒకటే ముద్ద. ఒకసారి గట్టెక్కిన మన్నుని ఏ ల్యాబూ మళ్ళీ వరసలో పెట్టలేదు. మా గట్టు మీద మా పిన్ని కొబ్బరి మొక్కలు నాటింది, వాటి వేళ్ళు ఇప్పుడు మడచెట్ల పుప్పొడిలో దిగుతున్నాయి.

చెరువులు ఆపమని నేను అడగట్లేదు, మా ఇంట్లోనే తవ్వాం. ఒక్క గొట్టం అడుగుతున్నాను. ఎకరానికి లక్షలు పెట్టి తవ్వేవాళ్ళకి ఒక మూడంగుళాల పీవీసీ పైపు ముక్క ఖర్చే కాదు. పొక్లెయిన్ దిగే ముందు రోజు చేను మధ్యలో ఆ పైపు నిటారుగా సుత్తితో దింపి, పైన మూత బిగించి, లోపల గాలి పట్టు మీద లాగితే మన్ను పొర చెదరకుండా వస్తుంది. దింపేటప్పుడు మన్ను కొంచెం అణుగుతుంది, అందుకే పైపు ఎంత దిగింది, లోపల మన్ను ఎంతుంది రెండూ కొలిచి రాసుకోవాలి. ఏది పైన ఏది కింద అని పైపు మీద బాణం గుర్తు పెట్టాలి, ఇది మర్చిపోతే మొత్తం వృథా. రెండు చివరలా కవరు కట్టి చల్లగా ఉండే చోట పడుకోబెట్టాలి. తారీకు, సర్వే నంబరు, ఫోన్‌లో లొకేషన్. అంతే. రేడియోకార్బన్‌తో మన్ను వయసు కట్టించడం, ఆమ్లాలు, అదంతా తర్వాత ఎప్పుడైనా ఎవరైనా చెయ్యొచ్చు, పదేళ్ళు ఆగినా పర్లేదు, మన్ను ఆగుతుంది. మా కాలేజీ పిల్లలు నలుగురు వచ్చి తీసిపెడతామన్నారు, వాళ్ళలో ముగ్గురి ఇళ్ళల్లో చెరువులున్నాయి.

ఇప్పటికి రెండు గొట్టాలు వచ్చాయి. ఒకటి ఆకివీడు వైపు నుంచి, ఇంకోటి మండవల్లి దగ్గర నుంచి, అది ఒక మీటరే, గుల్లల పొర తగిలి ఆగిపోయింది. రెండూ మా మేడ మెట్ల కింద తడి గోనెలు కప్పి ఉన్నాయి, మా అమ్మ రోజూ ఆ గోనెల మీద నీళ్ళు చల్లుతోంది, పూలకుండీలకి పోసినట్టే.

నిన్న రాత్రి బాబాయి ఫోన్ చేశాడు. మా చేనుకి అటుపక్క పెద్దాయన కూడా చెరువుకి ఒప్పుకున్నాడంట, బండి ఎల్లుండి వస్తుందంట. "ఆయన్ని నేను అడిగానమ్మా, మధ్య గట్టు పక్కన తీసుకోమన్నాడు, ఈసారి కొంచెం పొడుగు పైపు పట్రా, అక్కడ పల్లం ఎక్కువ" అన్నాడు.